టికెట్లమ్మెడి కుమార్తె



ఈ పుటకు వచ్చు జాబులలో వంటలను గూర్చినవి, శిశుపోషణను గూర్చినవి, అత్తాకోడండ్ర తగవులను గూర్చినవి మిక్కిలిగా నుండును. గడచిన మాసమున గుంటూరు జిల్లానుండి యొక సోదరి వ్రాసిన జాబు వీనిలో దేనికిని చేరదు. తన పేరు వెల్లడింపవలదని ఆమె కోరినది. కావున పేరు విడిచి విషయమును మాత్రమే వ్రాయుచున్నాము.

ఆ సోదరికి కుమార్తె యొక్కతే. ఇక్కడ బి.కాం. ముగించి, ప్రస్తుతము అమెరికాలో క్రీడానిర్వహణమున ఎం.ఎస్. చదువుచున్నది. ఇల్లు కుదువపెట్టి అప్పు తెచ్చి పంపినారు. చదువులో భాగముగా ఏదేని సంస్థలో కొన్ని మాసములు పనిచేసి నేర్చుకొనవలయును. దీనినే వారు ఇంటర్న్‌షిప్పు అందురు. ఆ పిల్లకు ఒక చిన్న పట్టణపు బేస్‌బాల్ జట్టులో, అందును టికెట్లు విక్రయించు శాఖలో, చోటు దొరకినది. తల్లి బంధువులతో "మా అమ్మాయి క్రీడాసంస్థలో శిక్షణ పొందుచున్నది" అని గంభీరముగా చెప్పుకొనుచు వచ్చినది. అయితే నిప్పు కొంగున దాగునా? ఒక పెండ్లిలో, పంక్తిలో కూర్చున్నవేళ, వరుసకు వదినె యగు నొకామె పదిమందియు వినునట్లు, "ఏం వదినా, మీ పిల్ల అక్కడ టికెట్లు అమ్ముతోందటగా! ఆ పాటి దానికి విమానమెక్కి వెళ్లాలా? మన బస్సుస్టాండులో కిటికీ లేకపోయిందా?" అని నవ్వినదట.

"విస్తరి ముందునుండి లేవలేక తలవంచుకొని తింటిని. నాటినుండి అమ్మాయి ఫోను చేసినను పని మాట నేనెత్తను, అదియు నెత్తదు. అన్నము తింటివా, చలిగా నున్నదా అని రెండు మాటలు, అంతే" అని ఆ తల్లి వ్రాసినది. పిదప మమ్ము మూడు ప్రశ్నలడిగినది. టికెట్లమ్ముట చదువుకొన్న పిల్లకు తగిన పనియా? దానికిచ్చు కొద్దిపాటి సొమ్ము న్యాయమా? మానివేయుమని చెప్పుట మంచిదా?

దాచనేల? ఆ జాబు మొదటిసారి చదివినపుడు మా మనస్సును ఆ వదినెగారి పక్షముననే కొంత మొగ్గినది. చదువు వేరు, అమ్మకము వేరు అను భావము మనయిండ్లలో అంత లోతుగా నాటుకొని యున్నది. తెలియని దానిపై తీర్పు చెప్పరాదు గనుక, తల్లి యనుమతితో ఆ పిల్లతోనే మాటాడితిమి. సోమవారమునాడు ఆటలుండవు గనుక ఆ దినమున గంటకు పైగా ఆమె మాకు తన పనిని విప్పి చెప్పినది. ఆమె చెప్పినదియు, మేము చదివి తెలిసికొన్నదియు కలిపి యిచ్చట నుంచుచున్నాము.

బేస్‌బాల్ అమెరికావారికి మనకు క్రికెట్టు వంటిది. అందు పెద్ద జట్లు 30 కలవు. ఒక్కొక్క పెద్ద జట్టునకు దిగువను నాలుగు మెట్లుగా నాలుగు చిన్న జట్లుండును. వెరసి 120. ఇవియే మైనర్ లీగు జట్లు. చిన్న లీగుల అధ్యక్షులు 1901వ సంవత్సరమున చికాగో నగరమున కూడి సంఘముగా నేర్పడిరి. 1949లో ఈ చిన్న జట్ల ఆటలను చూడవచ్చినవారు సుమారు 4 కోట్ల మంది. టెలివిజను ఇంటింటికి వచ్చిన పిదప ఆ సంఖ్య పడిపోయి, మరల అంతటి కూటమి చేరుటకు 2004 వరకు పట్టినది. అటుపిమ్మట 2021లో పెద్ద లీగువారే చిన్నవాని నిర్వహణమును తాము తీసికొని, 160గా నున్న జట్లను 120కి తగ్గించిరి. ఈ జట్లలో పెక్కు మనము పేరైన వినని చిన్న పట్టణములలో నుండును. ఆ యూరివారికి వేసవి సాయంకాలమునకు అదియే తిరునాళ్లు.

ఇచ్చట ఒక మర్మము కలదు. ఆటగాండ్రకును శిక్షకులకును జీతము నిచ్చునది పెద్ద జట్టు. ఏ ఆటగాడు ఎచ్చట నాడవలెనో నిర్ణయించునదియు పెద్ద జట్టే. నేడు బంతిని చక్కగా విసరి ఊరివారిచే జేజేలు కొట్టించుకొన్న కుఱ్ఱవాడు రేపు ఉదయమునకు పై మెట్టునకు వెళ్లిపోవచ్చును. స్థానిక యజమానికి మిగులునది ఏమి? మైదానము, కుర్చీలు, తినుబండారములు, గోడలపై ప్రకటనలు. వానిమీద వచ్చు రాబడితోనే ఆ సంస్థ బ్రతుకవలెను. కావున టికెట్లమ్ము శాఖ ఆ యింటికి ధాన్యపుగాదె. ఇంకొక మాట. జట్టు గెలుచునని టికెట్లమ్మువారు మాట యీయజాలరు. ఫలానా వీరుడు ఆడునని చెప్పజాలరు. అట్లైన వారు అమ్మునదేమి? "నేను ఆట నమ్మను అత్తయ్యగారూ, ఒక సాయంకాలము నమ్ముతాను" అని ఆ పిల్ల మాతో నన్నది. ఈ మాటతో మేము సర్దుకొని కూర్చుంటిమి.

దిగువ మెట్లలోని జట్లు ఏటికి 132 ఆటలాడును. అందు సగము, అనగా 66, సొంత మైదానమున జరుగును. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు ఈ సందడి. ఒకే ప్రత్యర్థి జట్టు మంగళవారమున వచ్చి ఆదివారము వఱకు నుండి ఆడిపోవును. కొన్ని వేల కుర్చీలను అఱువది యాఱు సాయంకాలములు నింపుట సామాన్యమైన పనికాదు. పూలమ్ము సోదరి యెఱుగును: ప్రొద్దుగూకినపిమ్మట మిగిలిన మూర మఱునాటికి వాడును. బియ్యమైన గాదెలో నిలువయుండును గాని, ఈ రాత్రి అమ్ముడుపోని కుర్చీ రేపు అమ్ముదమన్న దొరకదు. అందుచేత ఆట తొలిదినమునకు ఎన్నో మాసములు ముందుగానే, మంచు కురియు దినములలోనే, అమ్మకము మొదలగును.

టికెట్లలో తెఱగులు కలవు. ఏడాది ఆటలన్నిటికి ఒకే కుర్చీని పట్టుకొనువారిది సీజను టికెట్టు. పదియో పండ్రెండో ఆటలకు పట్టుకొనువారిది చిన్న కట్ట. పాఠశాలలు, చర్చీలు, కర్మాగారములు ఒక్కమారు ఇరువది మందినో రెండువందల మందినో తీసికొనివచ్చునది గుంపు టికెట్టు. ఆనాటి కానాడు కిటికీవద్ద కొనునది విడి టికెట్టు. విడి టికెట్టు వానమబ్బును చూచి మారిపోవును. సీజను టికెట్టును గుంపు టికెట్టును ముందుగనే సొమ్ము తెచ్చును గనుక సంస్థకు వానిమీదనే ధైర్యము. కొత్తగా చేరిన పిల్లలకు తఱచుగా అప్పగించునది ఈ గుంపుల పనియే.

ఆ పిల్లకు మొదటిదినమున ఒక జాబితా, ఒక టెలిఫోను ఇచ్చిరట. పూర్వము వచ్చిన వారికి, రానివారికి పిలుపులు చేయవలెను. దినమునకు ఏబది, అఱువది. "మొదటి వారములో నూటికి తొంబదిమంది వద్దనిరి. కొందరు నా పలుకు విని ఏ దేశపు దానవని యడిగిరి. కొందరు మాట పూర్తికాకుండనే పెట్టివేసిరి. స్నానాలగదిలోనికి పోయి ఏడ్చి, మొగము కడుగుకొని వచ్చి మరల పిలిచితిని" అని ఆమె చెప్పినపుడు, ఇది ఎవ్వరితో చెప్పితివమ్మా యని యడిగితిమి. సమాధానము రాలేదు.

పిదప ఆమె నేర్చుకొన్నది వినుడు. మొదట్లో ఆమె "మా టికెట్లు ఇంత వెల, కొనెదరా?" అని యడిగెడిది. దానికి వద్దను మాట సిద్ధముగా నుండును. ఒకనాడు ఒక బడిలోని ఉపాధ్యాయురాలిని పిలిచి, వెల చెప్పక, "మీ తరగతిలో పిల్లలు ఎందరు? వారిని ఏటికి ఒకసారి ఎచ్చటికైన తీసికొని పోవుదురా? అందు మీకు కష్టమైనది ఏమి?" అని యడిగినదట. ఆ ఉపాధ్యాయురాలు పావుగంట మాటాడినది. చక్రపుకుర్చీలో నుండు బాలుడొకడు కలడనియు, వానిని తీసికొనిపోవుటకు వీలు లేక ప్రతి యేడును వాని నింటనే విడిచి పోవుచున్నామనియు చెప్పినది. పిల్ల వెళ్లి మైదానమంతయు తిరిగి, మెట్లు లేని దారి, చక్రపుకుర్చీ పట్టు స్థలము, దాని చెంతనే తక్కిన తరగతి కూర్చుండుటకు వరుసలు చూచి వ్రాసి పంపినది. నలుబదిరెండు టికెట్లు అమ్ముడయినవి. అయితే ఆమె మాతో చెప్పినది ఆ లెక్కను గాదు. ఆటనాడు గుమ్మమువద్ద నిలిచియుండగా ఆ బాలుడు తనకు చేయి ఊపినాడని చెప్పినది.

ఇంకొకటి. ఒక వృద్ధురాలు, ఆమె భర్తయు ఏండ్ల తరబడి రెండు కుర్చీలు పట్టుకొని యుండిరి. ఆ సంవత్సరము కుర్చీలు మరల తీసికొందురా యని యడుగుటకు ఈ పిల్ల పిలువగా, భర్త చలికాలమున గతించెనని ఆమె చెప్పినది. కాగితముమీద వ్రాసియిచ్చిన మాటలలో దీనికి జవాబు లేదు. పిల్ల అమ్మకపు మాట విడిచి, ఆయనను గూర్చి చెప్పుమని యడిగి, విని, క్షమాపణ చెప్పుకొని ఫోను పెట్టినది. పదిదినముల పిదప ఆ వృద్ధురాలే పిలిచి, ఒక్క కుర్చీ చాలును గాని ప్రక్కకుర్చీ ఖాళీగా చూడలేననినది. పిల్ల ఆమెకు అదే వరుసలో, చిరకాలముగా ఎఱిగిన మఱియొక కుటుంబము చెంత చోటు కల్పించినది. లెక్కలో ఒక కుర్చీ తగ్గినది. తగ్గినందుకు పైయధికారి మూతి ముడిచెను గాని, ఆ వృద్ధురాలు ప్రతి ఆటకును వచ్చినది.

సోదరీమణులారా, ఇది మనకు తెలియని విద్యయా? గాజులమలారము తీసికొని వీథిలోనికి వచ్చు నామె మన చేయి పట్టుకొనుటకు ముందు ఏమడుగును? "అమ్మాయి పెండ్లి ఎప్పుడమ్మా?" అనును. ఎవరింట సీమంతము, ఎవరింట మైల అన్నది ఆమె మనస్సులో నుండును. ఆమెను మనము బేరములో గడుసరి యని యందుము గాని, విద్యావంతురాలని యెన్నడైన అంటిమా? ఆ విద్యనే అమెరికాలో కళాశాలలు పెట్టి బోధించుచున్నారు. క్రీడానిర్వహణమునకు ప్రత్యేకముగా పట్టపు చదువును మొట్టమొదట నెలకొల్పినది 1966లో ఒహాయో విశ్వవిద్యాలయము. నేడు అట్టివి ఎన్నియో కలవు.

అమ్మువారి చూపు ఎంత దూరము పోవునో చెప్పుటకు ఆ దేశపు వృత్తాంతమొకటి కలదు. బిల్ వెక్ అనునతడు 1941లో మిల్వాకీ నగరపు చిన్న జట్టును కొన్నాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున కర్మాగారములలో రాత్రులు పనిచేసి తెల్లవారి ఇండ్లకు పోవు స్త్రీపురుషులు వేలకొలది యుండిరి. ఆటలన్నియు వారు నిద్రించు వేళలనో పనిచేయు వేళలనో జరుగుచుండెను. అతడు వారికొఱకు ఉదయముననే ఆటలు పెట్టించి, వచ్చినవారికి పాలతో అటుకులవంటి ఫలాహారమును పంచిపెట్టించెను. ప్రజల దినచర్యను గమనించినవాడే టికెట్లమ్మగలడనుటకు ఇంతకంటె దృష్టాంతమేల? అంతకు మునుపు పందొమ్మిదవ శతాబ్దమునందే పెద్ద జట్లు కొన్ని దినములను స్త్రీలదినములని పేరిడి, స్త్రీలను ఊరకయో స్వల్ప రుసుముతోనో లోనికి పిలిచెను. స్త్రీలు వచ్చినచో కేకలు, త్రాగుడు తగ్గుననియు, కుటుంబములు వచ్చుననియు వారి లెక్క. మర్యాదలోను వ్యాపారము కలదు సుమా!

ఇంతవఱకు చదివి ఇది కేవలము మాటల పని యని తలపవలదు. ఆట యున్న దినమున ఆ పిల్ల ఉదయము 9 గంటలకు పోయి రాత్రి 10 గంటలు దాటినపిమ్మట ఇల్లు చేరును. పగలు పిలుపులు, సాయంకాలము కిటికీలో టికెట్లు, ఆట నడుమ గుంపుల కుర్చీలవద్దకు పోయి సౌకర్యములు విచారించుట, చివర సొమ్ము సరిచూచుట. వాన వచ్చినచో టికెట్లమ్మువారు, లెక్కలు వ్రాయువారు, ఎల్లరును మైదానములోనికి పరుగెత్తి మహా టార్పాలినును లాగి మట్టిపై కప్పవలెను. మొదటిసారి లాగినపుడు చెప్పు ఊడి బురదలో పోయి, ఒంటికాలి చెప్పుతో ఇల్లు చేరినదట. వానవలన ఆట సాగక నిలిచిపోయినచో ఆ టికెట్టును మఱియొక ఆటకు మార్చియిత్తురు. సగమునకు పైగా ఆడినపిమ్మట వాన వచ్చినచో, అనగా సామాన్యముగా ఐదు ఇన్నింగులు ముగిసిన పిమ్మట, అట్టి మార్పుండదు. తడిసిన చంటిపిల్లలతో కిటికీకి వచ్చి కోపించు తల్లులకు ఈ నియమమును చెప్పవలసినదియు ఆ పిల్లయే.

ఇక రెండవ ప్రశ్న, సొమ్ము మాట. ఇచ్చట మేము తీపిమాటలు చెప్పజాలము. ఆ పిల్లకు నెలకింత యని స్వల్పమైన భత్యమును, అమ్మిన గుంపు టికెట్లపై కొంచెము కమీషనును ఇచ్చుచున్నారు. గంటలు లెక్కపెట్టి చూచితివా యని యడిగితిమి. ఆమె లెక్కపెట్టలేదు. మా యెదుటనే కాగితము తీసికొని లెక్కించినది. వచ్చిన సంఖ్యను చూచి కొంతసేపు మాటాడలేదు.

అమెరికాలో కార్మికుల కనీస వేతనమునకు 1938లో చట్టము పుట్టినది. 2009నుండి దేశమంతటికి వర్తించు కనీసము గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. పెక్కు రాష్ట్రములు అంతకంటె హెచ్చుగా విధించినవి. అయితే ఏటికి 7 మాసములకు మించక నడచు వినోదస్థలములకు ఆ చట్టమునందొక మినహాయింపు కలదు. బేస్‌బాల్ సంస్థలలో కొన్నిటికి ఆ మినహాయింపు చెల్లుననియు, కొన్నిటికి చెల్లదనియు న్యాయస్థానములు తీర్పులిచ్చినవి. మఱియు లాభముకొఱకు నడచు సంస్థలో వేతనము లేక ఇంటర్న్ పనిచేయవచ్చునా యను దానికి, ఆ పనివలన ముఖ్యమైన లాభము విద్యార్థికా, యజమానికా యని చూడవలెనని 2018లో కార్మికశాఖవారు నిర్ణయించిరి. చదువునకు తోడ్పడుచున్నదా, జీతగాండ్రు చేయవలసిన పనిని ఊరక చేయించుచున్నారా యన్నది అందు పరిశీలింపబడును.

ఆటగాండ్ర సంగతియు వినదగినది. మైదానమున ఆడు కుఱ్ఱవాండ్రే చాలకాలము అరకొర జీతములతో, ఒక్క గదిలో పలువురు పడుకొని కాలము గడపిరి. 2022లో వారు పెద్ద లీగు ఆటగాండ్ర సంఘమున చేరిరి. 2023లో కుదిరిన తొలి ఒడంబడిక వలన దిగువ మెట్టు ఆటగాని కనీస వార్షిక జీతము 11,000 డాలర్లనుండి 26,200 డాలర్లకు పెరిగినది. నోరు తెఱచి, కలిసి, మర్యాదగా అడిగిన ఫలమది. టికెట్లమ్ము పిల్లలు ఆ సంఘములోని వారు కారు. వారి తరపున అడుగువారు వారే.

కావున ఇట్టి పనిలో చేరు పిల్లలు చేరుటకు ముందే కొన్ని సంగతులు కాగితముపై వ్రాయించుకొనవలెను. భత్యమా, గంటలవారీ కూలియా? ఆటలేని దినమున ఎన్ని గంటలు, ఆటదినమున ఎన్ని గంటలు? కమీషను ఏ అమ్మకములపై, ఎప్పుడు చేతికి వచ్చును? నేర్పువారెవరు, వారమునకు ఒకమారైన కూర్చుండి తప్పొప్పులు చెప్పుదురా? సీజను ముగిసిన పిదప స్థిరమైన ఉద్యోగము నిచ్చు వాడుక ఆ సంస్థయందు కలదా? వీనికి జవాబు చెప్పలేని చోట పిల్లను చీపురుపుల్లవలె వాడుకొందురని యెఱుగునది.

విదేశీయ విద్యార్థులకు ఇంకొక జాగ్రత్త కలదు. ఎఫ్-1 వీసాపై చదువువారు చదువులో భాగమగు ఇట్టి పనికి సి.పి.టి. యను అనుమతిని ముందుగా కళాశాలలోని విదేశీ విద్యార్థుల కార్యాలయమునుండి పొందవలెను. ఆ పత్రముపై యజమాని పేరు, పని మొదలగు తేది, ముగియు తేది యుండును. ఆ తేదికి ముందొక దినము గాని, వెనుకనొక దినము గాని పని చేయరాదు. పూర్తికాలపు సి.పి.టి. 12 మాసములు నిండినచో, చదువు ముగిసిన పిమ్మట లభింపవలసిన 12 మాసముల పని యనుమతి పోవును. మన పిల్లను ఆ సంస్థవారు ముగింపు తేది దాటిన పిమ్మట "ఇంకొక్క వారము, ఆఖరి ఆటలు" అని బుజ్జగించి యడిగిరట. మొగమాటమున సరే యనబోయి, కార్యాలయములోని యొక ఉద్యోగిని హెచ్చరింపగా ఆగినది. ఆ వారము పనిచేసియుండినచో దేశమున నుండు హక్కునకే చేటు మూడియుండెడిది.

ఈ మాట వినునప్పటికి మేము ఉండబట్టలేక, "అమ్మా, ఇది మీ అమ్మగారితో చెప్పితివా?" అని యడిగితిమి. అప్పుడు బయటపడినది అసలు సంగతి. చెప్పలేదు. అదియొక్కటియే కాదు. రెండు మాసములు గది అద్దెకు సొమ్ము చాలక, తోటి పిల్లవద్ద చేబదులు పుచ్చుకొన్నది. ఆటదినములలో మిగిలిన రొట్టెతోనే రాత్రి భోజనము సరిపెట్టుకొన్నది. "అమ్మకు నా పనియే సిగ్గుగా నున్నది. దానిలో కష్టము కూడ కలదని చెప్పినచో, చూచితివా, నేను ముందే చెప్పలేదా యనును. అందుకని అంతయు బాగున్నదని చెప్పుచున్నాను" అనినది.

గుంటూరు సోదరీ, మీ మూడు ప్రశ్నలకు జవాబు ఈ మాటలోనే కలదు. పని వలన మీ బిడ్డకు కలిగిన నష్టము కొంత. సిగ్గువలన కలిగినది అంతకంటె పెద్దది. సిగ్గు మొదట తల్లి నోరు మూసినది, పిదప బిడ్డ నోరు మూసినది. పంక్తిలో నవ్విన వదినెగారికి మీ పిల్ల అద్దెతో పనిలేదు, వీసాతో పనిలేదు. ఆమె నవ్వు విస్తరితోపాటు ఆనాడే పోయినది. దానిని ఇంటికి తెచ్చి టెలిఫోనుకు కట్టినవారు మీరు. కఠినముగా పలికితిమని తలపవలదు. మొదట మేమును ఆ వదినెతో కలిసి నవ్వినవారమే యని ముందే యొప్పుకొంటిమి.

టికెట్లమ్ముట తగిన పనియా యంటిరి. తగినదే. ముక్కుమొగము తెలియని వారి నడుగుట, వద్దన్నను మర్యాద విడువకుండుట, ఎదుటివారి యింటి సంగతిని విని దానికి తగిన చోటు చూపుట, ఇవి ఏ ఉద్యోగమునకైన పునాది. బేస్‌బాలునందే చూడుడు. కిమ్ ఆంగ్ అను నామె 1990లో చికాగోలోని యొక పెద్ద జట్టున ఇంటర్నుగా చేరి, మెట్టుమెట్టుగా నెక్కి, 2020లో మయామీ జట్టునకు జనరల్ మేనేజరు అయినది. పెద్ద లీగులో ఆ పదవి నందిన మొదటి స్త్రీ యామెయే. ముప్పది సంవత్సరములు పట్టినది. రేచెల్ బాల్కొవెక్ అను నామె 2022లో టాంపా నగరపు చిన్న జట్టుకు మేనేజరుగా నిలిచి ఆటగాండ్రను నడపినది. ఇంటర్న్‌లందఱును అంత యెత్తునకు పోవుదురని మేమనము. పెక్కుమంది ఒక్క సీజనుతో విడిచి వేఱొక పని చూచుకొందురు. అట్లు విడిచినను, అడుగుటకు భయపడకుండుట యను గుణము వారి వెంట పోవును.

సొమ్ము న్యాయమా యంటిరి. మీ బిడ్డ లెక్క చూడగా న్యాయముగా లేదు. ఆ లెక్కకాగితముతో ఆమె మొదట కళాశాలలోని తన ఉపాధ్యాయునివద్దకును, ఆయన సలహాతో పైయధికారివద్దకును పోవలెను. టికెట్లకొఱకు వేయిమంది నడిగిన పిల్ల తన కూలి నడుగుటకు జంకవలసిన పని లేదు.

మానివేయుమని చెప్పవలెనా యంటిరి. ఆ తీర్పు మీది కాదు, మాది కాదు. గంటలను, సొమ్మును, నేర్చినదానిని, అనుమతి తేదిని ఒక్క కాగితముపై వ్రాసికొని ఆ పిల్లయే చేయవలెను. మీరు చేయవలసినది వేఱొకటి కలదు. వచ్చు సోమవారమున మీరే ఫోను చేయుడు. అన్నము తింటివా యని తప్పక అడుగుడు. దాని వెంటనే, "ఈ వారము ఎందరు వద్దన్నారే తల్లీ?" అని యడుగుడు. ఎందరు కొన్నారని మొదట అడుగవలదు. వద్దన్నవారి లెక్క చెప్పగలిగిన బిడ్డ అద్దె లెక్కయు చెప్పును.

ఈ పుట అచ్చునకు పోవు సమయమున ఆ సోదరినుండి రెండు పంక్తుల కార్డు వచ్చినది. "అడిగితిని. నలుబదియేడు మంది యనినది. గంటన్నర మాటాడితిమి. అద్దె సంగతి చెప్పినది" అని మాత్రమే అందు కలదు.

దూరదేశములలో పిల్లలను పెట్టుకొన్న సోదరీమణులు ఎందరో మన చదువరులలో కలరు. మీ బిడ్డలు చేయు పనిని మీరు బంధువులకు ఏ పేరుతో చెప్పుచున్నారు? అసలు పేరు చెప్పుటకు అడ్డమైనదేమి? మీ యనుభవములను మాకు వ్రాసి పంపుడు. పేరు వలదన్నవారి పేరు ప్రకటింపము.